ఆఫ్రికా కొయ్య వస్తువుల స్కానింగ్

ఆఫ్రికా కొయ్య వస్తువుల స్కానింగ్ అనగా మ్యూజియములలో భద్రపరచిన ఆఫ్రికా ఖండపు కొయ్య విగ్రహాలు, మాస్కులు, శవపేటికలు, వాద్యములు మొదలైన వాటిని విప్పకుండా, కోయకుండా, ఎక్స్-కిరణాల సహాయంతో వాటి లోపలి నిర్మాణాన్ని పరిశీలించే పద్ధతి. ఇందుకు ఎక్కువగా ఆసుపత్రులలో రోగులకు తీసే సి.టి. స్కాన్ యంత్రాన్నే ఉపయోగిస్తారు. కొయ్య ఏ విధంగా చెక్కబడింది, ఎక్కడ పుచ్చు పట్టింది, ఎక్కడ మరమ్మతు జరిగింది, లోపల తొర్రలు ఉన్నాయా, ఉంటే వాటిలో ఏమి పెట్టారు అనే విషయాలు ఈ పద్ధతి వల్ల తెలుస్తాయి. ఆఫ్రికా వస్తువుల విషయంలో చివరి ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. మధ్య ఆఫ్రికాకు చెందిన అనేక విగ్రహాలలో శక్తి ఉన్నది పైకి కనిపించే రూపంలో కాదు, లోపల దాచిన పదార్థాలలో అని వాటిని చేసినవారి నమ్మకం. అందువలన వాటి లోపలికి చూడడం సాంకేతిక విషయం మాత్రమే కాదు, వివాదాస్పద విషయం కూడా.

నేపథ్యం

1895లో జర్మనీ శాస్త్రవేత్త విల్హెల్మ్ రాంట్జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. మరుసటి సంవత్సరమే ఈజిప్టు మమ్మీలను ఎక్స్-రే తీయడం మొదలైంది. అయితే మామూలు ఎక్స్-రే చిత్రంలో వస్తువు ముందు భాగము, వెనుక భాగము ఒకదానిపై ఒకటి పడి కలిసిపోతాయి. వందలాది ఇనుప మేకులు దిగగొట్టిన విగ్రహాన్ని ఈ విధంగా చూస్తే మేకుల గుంపు తప్ప మరేమీ స్పష్టంగా కనిపించదు.

ఈ లోపాన్ని తీర్చినది కంప్యూటెడ్ టోమోగ్రఫీ, అంటే సి.టి. దీనికి అవసరమైన గణితాన్ని రూపొందించినవారిలో ఒకడైన ఆలన్ కోర్మాక్ ఆఫ్రికాలోనే, జోహాన్నెస్‌బర్గ్ నగరంలో, 1924లో జన్మించాడు. 1956లో కేప్ టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు ఆయనకు ఈ సమస్యపై ఆసక్తి కలిగింది. 1963, 1964 సంవత్సరాలలో ప్రచురించిన ఆయన వ్యాసాలను అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంగ్లాండులోని ఇ.ఎమ్.ఐ. సంస్థలో ఇంజనీరు అయిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ విడిగా చేసిన కృషి వల్ల మొదటి యంత్రం తయారయింది. 1971 అక్టోబరు 1న లండన్‌లో తొలి రోగికి స్కాన్ తీశారు. ఇద్దరికీ కలిపి 1979లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఆసుపత్రులలో యంత్రాలు విరివిగా వచ్చాక మ్యూజియములవారు రోగుల రద్దీ లేని రాత్రి వేళలలోను, సెలవు దినాలలోను విగ్రహాలను అక్కడికి తీసుకుపోవడం మొదలుపెట్టారు. బ్రస్సెల్స్‌కు చెందిన రేడియాలజిస్టు మార్క్ గిసెల్స్ కళాఖండాల స్కానింగును తన ప్రత్యేక వృత్తిగా చేసుకున్నవారిలో ముఖ్యుడు. ఆఫ్రికా కళాఖండాల వ్యాపారానికి బ్రస్సెల్స్, పారిస్ నగరాలు ప్రధాన కేంద్రాలు కావడం వల్ల నకిలీలను కనిపెట్టవలసిన అవసరం కూడా ఈ పద్ధతి వ్యాప్తికి ఒక కారణం అయింది. పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియం 2015లో తన సేకరణలోని వస్తువుల స్కాన్ చిత్రాలతో ఒక ప్రత్యేక ప్రదర్శనను ఏర్పాటు చేసింది.

పనిచేసే విధానం

స్కాన్ యంత్రంలో ఎక్స్-కిరణాల గొట్టం వస్తువు చుట్టూ తిరుగుతుంది. ఎదుటివైపు ఉన్న గ్రాహకాలు ఎంత కిరణం వస్తువు గుండా దాటి వచ్చిందో కొలుస్తాయి. అన్ని కోణాల నుండి తీసిన కొలతలను కలిపి కంప్యూటరు వస్తువును అడ్డంగా కోసినట్లుగా వందల కొద్దీ పలుచని పొరల చిత్రాలను తయారు చేస్తుంది. ఒక్కొక్క పొర మందం సాధారణంగా అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వరకు ఉంటుంది. వీటిని పేర్చి త్రిమితీయ రూపాన్ని పొందవచ్చు. రొట్టెను ముక్కలుగా కోసి ఒక్కొక్క ముక్కను చూసి మళ్ళీ పేర్చినట్లు అన్నమాట, అయితే ఇక్కడ రొట్టెకు కత్తి తగలదు.

చిత్రంలోని ప్రతి బిందువుకు ఒక సంఖ్య ఉంటుంది. దీనిని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో చెబుతారు. ఈ కొలమానంలో నీటికి 0, గాలికి -1000. ఎండిన కొయ్య ఈ రెండింటికి నడుమ ఉంటుంది. ఘన సెంటీమీటరుకు అర గ్రాము బరువు ఉన్న తేలిక కొయ్య సుమారు -500 దగ్గర కనిపిస్తుంది. మట్టి, రాయి, ఎముక, గవ్వ వంటివి సున్నాకు బాగా పైన ఉంటాయి. ఇనుము వైద్య యంత్రాల సాధారణ కొలమానాన్ని దాటిపోతుంది. ఈ తేడాల వల్లనే కొయ్యలో దాచిన గవ్వ గాని, మట్టి ముద్ద గాని వెలుగుచుక్కలా బయటపడుతుంది.

వైద్య యంత్రపు ద్వారం వ్యాసం సుమారు 70 నుండి 80 సెంటీమీటర్లు మాత్రమే కాబట్టి చేతులు చాచిన పెద్ద విగ్రహాలు, విశాలమైన మాస్కులు అందులో పట్టవు. అటువంటి వాటికి పరిశ్రమలలో లోహపు విడిభాగాలను పరీక్షించే పెద్ద యంత్రాలను వాడుతారు. పైతలపు ఆకారాన్ని మాత్రమే నమోదు చేసే లేజర్ స్కానింగు, అనేక ఛాయాచిత్రాలను కలిపి రూపం కట్టే ఫోటోగ్రామెట్రీ అనేవి వేరే పద్ధతులు. వాటికి లోపలి విషయం తెలియదు.

కొయ్యలో కనిపించేవి

ఆఫ్రికా శిల్పులు చాలావరకు ఒకే దుంగలో నుండి బాడిసతో విగ్రహాన్ని చెక్కుతారు. దుంగ నడిమి భాగమైన మూగు విగ్రహంలో ఎక్కడ ఉందో స్కాన్ చూపుతుంది. మూగు నుండి చుట్టూ పగుళ్ళు సాగుతాయి కాబట్టి విగ్రహం మునుముందు ఎక్కడ చీలే అవకాశం ఉందో సంరక్షకులు ముందే గ్రహించగలరు. విరిగిన చేతిని జిగురుతో అతికించి రంగు పూసిన చోటు కంటికి కనిపించకపోయినా స్కాన్‌లో సన్నని గీతగా కనిపిస్తుంది.

పుచ్చు పురుగులు, చెదలు తొలిచిన సొరంగాలు ఈ చిత్రాలలో ఎంతో స్పష్టంగా ఉంటాయి. పైన ఒకటి రెండు చిన్న రంధ్రాలు మాత్రమే ఉన్న విగ్రహం లోపల పూర్తిగా గుల్లగా ఉండవచ్చు. అటువంటి దానిని చేతితో ఎత్తడమే ప్రమాదం. నకిలీలను పట్టుకోవడంలోనూ పురుగుల సాక్ష్యం పనికి వస్తుంది. పురుగు తొలిచిన సొరంగం పైతలం మీద నిలువునా తెరుచుకొని కాలువలా కనిపిస్తే, కొయ్య ముందే పుచ్చిపోయిందని, చెక్కడం తరువాత జరిగిందని అనుమానించవలసి వస్తుంది. అంటే పాత కొయ్యను వెతికి తెచ్చి కొత్తగా చెక్కి పురాతన వస్తువుగా అమ్మి ఉండవచ్చు. అయితే అరిగిపోయిన పాత విగ్రహంలో కూడా ఇటువంటి కాలువలు ఏర్పడగలవు కనుక ఈ ఒక్క ఆధారంతో తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది.

కోంగో ఎన్‌కిసి విగ్రహాలు

స్కానింగు వల్ల కలిగే లాభము, దానికి ఉన్న హద్దు రెండూ బాగా తెలిసేది కోంగో జాతివారి ఎన్‌కిసి విగ్రహాల విషయంలో. కోంగో ప్రజలు నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, కాంగో గణతంత్రం, అంగోలా దేశాల పశ్చిమ ప్రాంతాలలో నివసిస్తారు. వారి భాష కికోంగో. ఎన్‌కిసి అనే మాటకు బహువచనం మిన్‌కిసి. ఇది విగ్రహమే కానక్కరలేదు. సంచి, కుండ, గవ్వ కూడా ఎన్‌కిసి కావచ్చు. పరలోకపు శక్తిని ఒక పాత్రలో నిలిపి మనుషుల పనులకు వినియోగించుకొనే ఏర్పాటుకే ఆ పేరు. కొయ్య చెక్కేది శిల్పి. దానికి శక్తినిచ్చేది ఎన్‌గాంగా అనే క్రియానిపుణుడు. అతడు విగ్రహం తలలోను, పొట్టలోను, కొన్నింటిలో వీపులోను ఉన్న తొర్రలలో బిలోంగో అనే ఔషధ ద్రవ్యాలను కూర్చి, మైనంలా అతుక్కునే బంకతో మూసి, పైన గవ్వనో అద్దపు ముక్కనో అమర్చేవాడు. బిలోంగో లేని విగ్రహం వారి దృష్టిలో వట్టి కొయ్య.

వీటిలో ఎన్‌కొండి అనే రకం లోకమంతటా ప్రసిద్ధి చెందింది. వేటాడుట అనే అర్థం గల ధాతువు నుండి ఈ పేరు వచ్చింది. ఒప్పందం కుదిరినప్పుడు, తగవు తీరినప్పుడు, ప్రమాణం చేసినప్పుడు విగ్రహంలో ఒక మేకునో ఇనుప రేకునో దిగగొట్టేవారు. మాట తప్పినవారిని ఎన్‌కొండి వెంటాడుతుందని విశ్వాసం. కాబట్టి విగ్రహం ఒంటినిండా ఉన్న ఇనుము ఒక ఊరి న్యాయ వ్యవహారాల చిట్టా వంటిది. ఐరోపావారు చాలాకాలం వీటిని క్షుద్రపూజకు గుర్తులుగా వర్ణించారు. అది పూర్తిగా పొరపాటు.

తొర్రలలో కూర్చిన ద్రవ్యాలలో తెల్లమట్టి, సమాధుల దగ్గరి మన్ను, గింజలు, కాయలు, గవ్వలు, జంతువుల గోళ్ళు, పళ్ళు మొదలైనవి ఉంటాయి. స్కాన్ చిత్రంలో వీటిని ఆకారాన్ని బట్టి, సాంద్రతను బట్టి గుర్తించవచ్చు. కాని ఒక గింజ అక్కడ ఎందుకు ఉన్నది అనే ప్రశ్నకు యంత్రం సమాధానం చెప్పలేదు. చాలా ద్రవ్యాలను వాటి పేరులోని శ్లేషను బట్టి ఎన్నుకొనేవారు. ఉదాహరణకు లుయాల అనే కాయను వాడేది ఏలుట అనే అర్థం గల యాల అన్న క్రియను స్ఫురింపజేయడానికి. కాయ చిత్రంలో కనిపిస్తుంది, శ్లేష కనిపించదు. దాని అర్థం కికోంగో మాటలో ఉంది.

అదృష్టవశాత్తు ఆ మాటలు కొంతవరకు దక్కాయి. స్వీడన్‌కు చెందిన మిషనరీ కార్ల్ లామన్ 20వ శతాబ్దపు తొలి దశకాలలో కోంగో ఉపాధ్యాయుల చేత వారి ఆచారాలను వారి భాషలోనే నోటు పుస్తకాలలో వ్రాయించాడు. ఏ ఎన్‌కిసిని ఏ ద్రవ్యాలతో ఎలా కూర్చాలి, దేనికి వాడాలి అనే వివరాలు వాటిలో ఉన్నాయి. మానవశాస్త్రవేత్త వయట్ మెక్‌గాఫీ ఈ వ్రాతలను, స్టాక్‌హోమ్‌లో ఉన్న లామన్ సేకరణ వస్తువులను కలిపి పరిశీలించి 1991లో పుస్తకంగా వెలువరించాడు. ఒక ఎన్‌కిసి స్కాన్‌ను చదవడానికి రేడియాలజిస్టుతో పాటు ఈ నోటు పుస్తకాలు కూడా అవసరం.

లోపల ఏమీ లేకపోవడం కూడా ఒక్కొక్కసారి పెద్ద సమాచారమే. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2008లో మంగాకా అనే శక్తికి చెందిన ఎన్‌కొండి విగ్రహాన్ని సేకరించింది. దీని ఎత్తు 118 సెంటీమీటర్లు. 19వ శతాబ్దపు రెండవ అర్ధభాగంలో కోంగో తీరప్రాంతంలో తయారయింది. దీనిని అర్థం చేసుకొనేందుకు ఆ మ్యూజియం వివిధ దేశాలలోని మంగాకా విగ్రహాలను పరిశీలించి, 2015-16లో జరిగిన ప్రదర్శనలో పదిహేనింటిని ఒకచోట చేర్చింది. ఎక్స్-రే చిత్రాలు, సంరక్షకుల పరిశీలన కలిపి చూడగా, విగ్రహాలు ఐరోపావారి చేతికి పోకముందే వాటి పొట్టలోని ద్రవ్యాలను కావాలనే తీసివేసినట్లు తేలింది. అనగా ఎన్‌గాంగాలు వాటిని నిర్వీర్యం చేసి, వట్టి కొయ్యగా మార్చి వదిలిపెట్టారు. ఐరోపావారు పట్టుకొనిపోయినది మంగాకాను కాదు, మంగాకా ఖాళీ చేసిన ఇంటిని.

ఈజిప్టు శవపేటికలు

ప్రాచీన ఈజిప్టు కూడా ఆఫ్రికా ఖండంలోనిదే అయినా దాని కొయ్య వస్తువులను వేరే శాఖగా చూడడం మ్యూజియములలో అలవాటు. అక్కడ పరిస్థితి వేరు. మంచి కలప అరుదు కాబట్టి వడ్రంగులు చిన్న చిన్న ముక్కలను కొయ్య మేకులతో కలిపి, సందులలో మట్టి మెత్తి, పైన సున్నపు పూత పూసి రంగులు వేసేవారు. బయటకు ఒకే పలకలా కనిపించేది నిజానికి అతుకుల బొంత.

కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో నెస్పావెర్షెఫిత్ అనే కర్ణాక్ ఆలయోద్యోగి శవపేటికల సముదాయం ఉంది. ఇది క్రీ.పూ. 1000 ప్రాంతానికి చెందినది. మ్యూజియంకు 1822లో చేరింది. లోపలి పేటికను అదే నగరంలోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రిలో స్కాన్ తీయగా అది అనేక ముక్కలతో కూర్చినదని, వాటిలో కొన్ని అంతకు ముందరి వేరొక శవపేటిక నుండి తీసినవని బయటపడింది. ఒకరి అంత్యక్రియలకు చేసిన పేటికను విప్పి మరొకరికి వాడుకోవడం ఆ కాలంలో అసాధారణం కాదని ఇటువంటి ఆధారాలు తెలుపుతున్నాయి. ఈ ఫలితాలను 2016లో ఒక ప్రదర్శనలో ప్రజల ముందు ఉంచారు. ఇదే పేటిక మూతపై వార్నిష్ ఆరకముందే పట్టుకొని జరిపిన పనివాని వేలిముద్రలు కూడా ఉన్నాయి. వాటికి మాత్రం స్కాన్ అవసరం రాలేదు.

కొయ్య జాతి, వయస్సు

వస్తువు ఏ చెట్టు కొయ్యతో చేసినదో తెలిస్తే అది పుట్టిన ప్రాంతం గురించి ఊహ చేయవచ్చు. బ్రిటిష్ మ్యూజియంలోని ఆకాన్ డోలు ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికాలోని వర్జీనియాలో సేకరించిన ఈ డోలును మొదట అమెరికా ఆదివాసులదని అనుకున్నారు. దాని కొయ్య పశ్చిమ ఆఫ్రికాలో పెరిగే చెట్లదని పరీక్షలో తేలింది. బానిసల ఓడలో సముద్రం దాటి వెళ్ళిన వస్తువు అది.

ఇటువంటి పరీక్షకు సాధారణంగా చిన్న ముక్కను కోసి సూక్ష్మదర్శినిలో చూడాలి. మైక్రో సి.టి. అనే పద్ధతిలో కొన్ని మైక్రోమీటర్ల వివరంతో కొయ్య నాళాలను చూడవచ్చు. అయితే ఆ స్థాయి వివరం చిన్న నమూనాకే సాధ్యం, నిలువెత్తు విగ్రహానికి కాదు. పోల్చి చూడడానికి బెల్జియంలోని టెర్వూరెన్ మ్యూజియంలో ఉన్న కొయ్య నమూనాల సేకరణ ముఖ్యమైనది. ఇందులో యాభై వేలకు పైగా నమూనాలు ఉన్నాయి.

వయస్సు విషయంలో స్కానింగు సహాయం పరిమితం. చలి దేశాల చెట్లలో వలె ఏడాదికొక వలయం ఉష్ణమండలపు చెట్లలో చాలావాటికి స్పష్టంగా ఏర్పడదు. అందుచేత వలయాలను లెక్కపెట్టి కాలం చెప్పడం సాధారణంగా వీలుకాదు, రేడియో కార్బన్ పరీక్షపై ఆధారపడాలి. అది కూడా చెట్టు పెరిగిన కాలాన్ని చెబుతుంది గాని, చెక్కిన కాలాన్ని కాదు.

పరిమితులు

లోహం ఈ పద్ధతికి ప్రధాన శత్రువు. ఇనుప మేకుల చుట్టూ చిత్రంలో తెల్లని, నల్లని చారలు ఏర్పడి పక్కనున్న వివరాలను కప్పివేస్తాయి. ఎన్‌కొండి విగ్రహాలలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఎక్కువ వోల్టేజీ గల యంత్రాలు, చారలను తగ్గించే ప్రత్యేక గణన పద్ధతులు కొంత మేలు చేస్తాయి.

స్కాన్ సాంద్రతను చూపుతుంది, పదార్థం పేరు చెప్పదు. ఒకే సాంద్రత గల రెండు వేర్వేరు పదార్థాలు ఒకేలా కనిపిస్తాయి. మాలి దేశపు దోగోన్, బమనా జాతుల వస్తువులపై పేరుకొన్న పొరలో రక్తం ఉన్నదని 2007లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ప్రకటించినది స్కాన్ వల్ల కాదు, సూక్ష్మ నమూనాలపై చేసిన రసాయన విశ్లేషణ వల్ల.

ఎక్స్-కిరణాల వల్ల కొయ్యకు హాని కలిగినట్లు కంటికి కనిపించదు. కాని మట్టి కూర్చిన వస్తువులలో ఆ మట్టిని థర్మోల్యూమినెసెన్స్ పద్ధతిలో కాలనిర్ణయం చేయదలిస్తే స్కాన్ తీయడానికి ముందే నమూనా తీసి పెట్టుకోవాలి. లేకుంటే కిరణాల ప్రభావం ఆ కొలతలో కలిసిపోతుంది. పాత సేకరణలలో పురుగుల నివారణకు ఆర్సెనిక్ వంటి విషాలు చల్లిన వస్తువులు ఉన్నందున వాటిని ఆసుపత్రికి తరలించేటప్పుడు చేతి తొడుగులు, మూత కవచాలు తప్పనిసరి.

వివాదాలు

స్కానింగును వస్తువుకు హాని చేయని పద్ధతిగా పేర్కొంటారు. ఇది కొయ్యకు సంబంధించినంత వరకు నిజం. కాని ఎన్‌గాంగా మూసిన తొర్ర చూడడానికి కాదు, మూసి ఉంచడానికే. మాలిలోని బోలి అనే ఆరాధ్య వస్తువులను దీక్ష పొందినవారు మాత్రమే చూడాలని నియమం. 1931లో దకార్-జిబూతి యాత్రకు వచ్చిన ఫ్రెంచి పరిశోధకులు కెమేని గ్రామంలో ఒక బోలిని బలవంతంగా తీసుకొనిపోయిన వైనాన్ని వారిలో ఒకడైన మిషెల్ లెరిస్ తన పుస్తకంలో దాపరికం లేకుండా వ్రాశాడు. ఈ విధంగా వచ్చిన వస్తువు లోపలి చిత్రాన్ని అందరికీ చూపడం మొదటి తప్పుకు కొనసాగింపేనని ఒక వాదన. సంరక్షణకు, నకిలీల నిర్ధారణకు, చరిత్ర తెలుసుకోవడానికి ఇది అవసరమని మరొక వాదన. విగ్రహంలో మానవ అవశేషాలు కనిపించే అవకాశం ఉండడం కూడా ఈ చర్చను పదును పెట్టింది.

స్కాన్ సమాచారం ఎవరి సొత్తు అనే ప్రశ్న 2018 తరువాత ముందుకు వచ్చింది. ఆ సంవత్సరం నవంబరులో సెనెగల్ ఆర్థికవేత్త ఫెల్విన్ సార్, ఫ్రాన్సు కళాచరిత్రకారిణి బెనెడిక్ట్ సవోయ్ కలిసి ఫ్రాన్సు అధ్యక్షునికి ఇచ్చిన నివేదికలో ఆఫ్రికా వస్తువులను తిరిగి ఇవ్వాలని, వాటి డిజిటల్ రూపాలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలని సూచించారు. రెండవ సూచనపై 2019 మార్చిలో న్యాయశాస్త్ర పరిశోధకులు మథిల్డ్ పావిస్, ఆండ్రియా వాలెస్ అభ్యంతరం తెలిపారు. డిజిటల్ రూపం ఎలా ఉండాలో, ఎవరు చూడాలో నిర్ణయించే హక్కు కూడా ఆ వస్తువు చెందిన సమాజానిదే అని వారి వాదం. వందమందికి పైగా నిపుణులు దానిపై సంతకాలు చేశారు.

ఆ తరువాత ఫ్రాన్సు 2020 డిసెంబరులో చట్టం చేసి, కే బ్రాన్లీ మ్యూజియంలోని దహోమీ రాజుల కొయ్య విగ్రహాలు, సింహాసనాలతో సహా 26 వస్తువులను 2021 నవంబరులో బెనిన్ దేశానికి అప్పగించింది. 2022 జూన్‌లో బెల్జియం రాజు ఫిలిప్ సుకు జాతివారి కకూంగు మాస్కును కిన్షాసాలోని జాతీయ మ్యూజియంకు గడువు లేని అప్పుగా ఇచ్చాడు. అదే టెర్వూరెన్ సేకరణలో బోమా ప్రాంతానికి చెందిన ఒక ఎన్‌కొండి విగ్రహం కూడా ఉంది. అలెగ్జాండర్ డెల్‌కొమ్యూన్ అనే బెల్జియం వర్తకుడు 1878లో జరిగిన దాడిలో దీనిని నే కూకో అనే స్థానిక నాయకుని నుండి చేజిక్కించుకున్నాడు. దానిని విడిపించుకోవడానికి అక్కడి నాయకులు ప్రయత్నించగా అతడు నిరాకరించినట్లు తన జ్ఞాపకాలలో తానే వ్రాసుకున్నాడు.